ఈ ప్రాబ్లమ్‌కి ముందు ఏం తెలిసుండాలి?

(నల్గొండలో డిగ్రీ కళాశాలల కంప్యూటర్ సైన్స్ అధ్యాపకులు, విద్యార్థులు, ఒక లెర్నింగ్ యాప్ తయారుచేస్తున్న యువకులు కలిసి కూర్చున్న సమావేశంలో, పాలమూరు నుంచి వచ్చిన ఒక అధ్యాపకురాలు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. నేను మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ సైన్స్ చెబుతాను. మీలో కొందరు లెర్నింగ్ యాప్ తయారుచేస్తున్నారు, అందులో కోడింగ్ ఛాలెంజ్‌లను ఎలా అమర్చాలో మాట్లాడమన్నారు. యాప్ కట్టడం నాకన్నా మీకే బాగా తెలుసు. ఆ యాప్ పట్టుకుని కూర్చున్న పిల్లల ముఖాలు మాత్రం నేను రోజూ చూస్తాను. అక్కడి నుంచే మొదలుపెడతాను.

రెండేళ్ల కిందటి మాట. అచ్చంపేట దగ్గరి ఊరి నుంచి వచ్చి హాస్టల్‌లో ఉంటున్న అమ్మాయి, రెండో సెమిస్టర్. ల్యాబ్ అయిపోయి అందరూ వెళ్లిపోయినా ఆ అమ్మాయి కుర్చీలోంచి లేవలేదు. "ఏమైందమ్మా?" అంటే ఫోన్ నా వైపు తిప్పింది. ఒక యాప్‌లో ఛాలెంజ్. పైన ఆకుపచ్చ రంగులో "ఈజీ" అని ఉంది. కింద ఎర్రగా, వరసగా ఆరు రాంగ్ ఆన్సర్లు. "మేడమ్, ఈజీ అని రాసిండ్రు. ఈజీదే వస్తలేదంటే ఇగ ఈ కోర్సు నాతోని కాదేమో" అంది.

ఆ ప్రాబ్లమ్ ఏంటంటే, ఒక మాట ఇస్తారు. అందులో ఒక్కసారే వచ్చిన అక్షరాల్లో అన్నిటికన్నా ముందున్నది ఏదో చెప్పాలి. నాకు అది నిజంగానే ఈజీ. ఇరవై ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను కదా. కానీ ఆ అమ్మాయి పక్కన కూర్చుని, దీన్ని చేయడానికి ఏమేం తెలిసుండాలో కాగితం మీద రాశాను. మాటలోంచి ఒక్కో అక్షరం తీయడం తెలియాలి. ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్క దాచుకోవడం తెలియాలి, అంటే డిక్షనరీ. లెక్క పూర్తయ్యాక అదే మాటను మొదటి నుంచి రెండోసారి చదవాలని తట్టాలి. దొరకగానే లూప్‌లోంచి, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్‌లోంచి, బయటికి రావడం తెలియాలి. ఈ నాలుగింటిలో మొదటిది, చివరిది ఆ అమ్మాయికి వచ్చు. డిక్షనరీ పాఠం మేమింకా చెప్పనే లేదు. మాటను రెండోసారి చదవొచ్చన్న ఆలోచన ఎవరైనా ఒక్కసారి చేసి చూపిస్తే తప్ప కొత్తవాళ్లకు తట్టదు.

ఆ కాగితం చూసి ఆ అమ్మాయి, "అంటే నాకు రాకపోవుడు కాదు మేడమ్, ఇంకా చెప్పలే" అంది. అవును, చెప్పలేదు. ఆ యాప్ ఈ ముక్క చెప్పి ఉంటే ఆరుసార్లు ఓడిపోయేది కాదు. నేను ఈరోజు మిమ్మల్ని అడగడానికి వచ్చింది కూడా ఇదే. ప్రతి ఛాలెంజ్ మీద "ఈజీ, మీడియం, హార్డ్" అనే ముద్ర తీసేయండి, లేదా కనీసం పక్కకు జరపండి. దాని స్థానంలో "దీనికి ముందు ఇవి తెలిసుండాలి" అని రాయండి. మిగతా అమరికంతా ఆ ఒక్క వరస మీద కట్టుకోవచ్చు.

డిఫికల్టీని కొలవడానికి పెద్దవాళ్లు మంచి పద్ధతులే కనిపెట్టారు, కాదనను. అమెరికాలో అర్పాద్ ఎలో అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ చదరంగం ఆటగాళ్లకు రేటింగ్ లెక్క తయారుచేశాడు. దాన్ని 1970లో ప్రపంచ చదరంగ సమాఖ్య తీసుకుంది. 2010లో మొదలైన కోడ్‌ఫోర్సెస్ అనే కోడింగ్ పోటీల వెబ్‌సైట్‌లో అలాంటి లెక్కే ప్రాబ్లమ్‌లకూ ఉంది, 800 నుంచి 3500 వరకు. 1200 ప్రాబ్లమ్ అంటే 1200 రేటింగ్ ఉన్న మనిషి దాన్ని చేయగలిగే అవకాశం దాదాపు సగానికి సగం అని. లెక్కల ప్రాబ్లమ్‌లు కోడ్‌తో చేయించే ప్రాజెక్ట్ ఆయిలర్ వెబ్‌సైట్‌లో ప్రతి ప్రాబ్లమ్ పక్కన ఎంతమంది చేశారో సంఖ్య కనిపిస్తుంది. కోడ్‌వార్స్ అనే కోడింగ్ అభ్యాసాల వెబ్‌సైట్‌లో జపాన్ యుద్ధవిద్యల నుంచి తెచ్చిన క్యూ మెట్లు, 8 నుంచి 1కి ఎక్కాలి. ఇవన్నీ రాసినవాళ్ల ఊహ మీద వేసిన "ఈజీ" ముద్ర కన్నా నయం. చేసినవాళ్ల లెక్కల్లోంచో, వాళ్ల అంచనాల్లోంచో వచ్చాయి కాబట్టి నమ్మొచ్చు.

కానీ ఆ అమ్మాయికి ఆ సంఖ్య ఏం చెబుతుంది? గుట్ట ఎంత ఎత్తుందో చెబుతుంది. దారి ఎటుందో చెప్పదు. పోటీలో దిగేవాళ్లకు ఎత్తు చాలు, నేర్చుకునేవాళ్లకు దారి కావాలి. ఎక్సర్‌సిజం అనే ఉచిత వేదికలో చాలా భాషల కోర్సుల్లో ఈ దారి వేశారు. ఒక కాన్సెప్ట్ నేర్చుకుంటే దాని మీద ఆధారపడిన అభ్యాసాలు తెరుచుకుంటాయి. మీ యాప్ పని మొదలుపెట్టే ముందు ఒక రోజు కేటాయించి దాన్ని చూడండి.

మన ప్రాంతంలో ఈ దారి వేయడం తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు. పోచంపల్లి, పుట్టపాక వైపు చేనేత ఇళ్లలో చూడండి. పిల్లలు ముందు పక్కన కూర్చుని చూస్తారు. కండెలు చుట్టడం చేతికొస్తుంది. తర్వాత ఆసు పోయడం, నూలుకు కట్లు కట్టడం, రంగులద్దడం, చివరికి మగ్గం. రంగు నూలు మీదే ముందుగా పడుతుంది కాబట్టి, కట్టు ఒక్క పోగు జరిగినా చీర మీద పువ్వు అంచు చెదురుతుంది. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారు తల్లి పడే కష్టం చూడలేక ఆసు యంత్రం చేసి, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ కష్టం ఏంటో, ఏ దశలో ఎక్కడ చెయ్యి నొస్తుందో ఆయనకు దగ్గర నుంచి తెలుసు. ప్రాబ్లమ్‌లు అమర్చేవాళ్లకూ అలాగే తెలియాలి. ఈ ప్రాబ్లమ్ దగ్గర ఎవరి చెయ్యి ఎక్కడ ఆగుతుంది?

మా ల్యాబ్‌లో మేం చేసింది చాలా చిన్న పని. ప్రతి ప్రాబ్లమ్‌నూ ఒక అట్టముక్క మీద రాసి, కింద రెండు గడులు గీశాం. ఒకదాంట్లో "ముందు తెలిసుండాల్సినవి". రెండోదాంట్లో "ఇందులో కొత్తగా వచ్చేది". కొత్తది ఒక్కటే ఉండాలని నియమం పెట్టుకున్నాం. రెండు ఉన్నాయంటే ఆ అట్టను చించి రెండు ప్రాబ్లమ్‌లు చేయాలి. ఈ నియమం పాటించడం చాలా కష్టమైంది. మేం "చిన్న ప్రాబ్లమే కదా" అనుకున్నవాటిలో చాలావాటికి మూడు, నాలుగు కొత్తవి బయటపడ్డాయి. ఆ తర్వాత ఆ అట్టలను ల్యాబ్ గోడకు అంటించి, ఒకదాని నుంచి ఒకదానికి దారం కట్టాం. ఏ దారమూ రాని అట్టలు కొన్ని మిగిలాయి. వాటిని చేయడానికి కావలసింది మేం ఎక్కడా నేర్పలేదన్నమాట. ఆ అట్టల వల్ల మా సిలబస్‌లో ఖాళీలు మాకే కనిపించాయి. మీ డేటాబేస్‌లో ఈ రెండు గడులూ రెండు కాలమ్‌లు అవుతాయి, అంతే.

ఒక ఉదాహరణ పూర్తిగా చెబుతాను. "ఇచ్చిన సంఖ్యల్లో పెద్దది కనుక్కో." దీనికి ముందు లిస్ట్‌లో ఒక్కొక్కటి చదవడం తెలియాలి, రెండు సంఖ్యలను పోల్చడం తెలియాలి. కొత్తగా వచ్చేది, ఇప్పటిదాకా చూసినవాటిలో పెద్దదాన్ని ఒక చోట గుర్తుంచుకుంటూ పోవడం. పిల్లలు ఏం చేస్తారంటే, ఆ గుర్తుంచుకునే చోట మొదట సున్నా పెడతారు. పరీక్ష మార్కులతో అయితే సరిగ్గానే పనిచేస్తుంది. సబ్మిట్ కొడతారు. యాప్ తన దగ్గరున్న కొన్ని నమూనా సంఖ్యలతో, అంటే టెస్ట్ కేసులతో, ఆ కోడ్‌ను పరీక్షించి అంటుంది: "టెస్ట్ కేస్ 4 ఫెయిల్." లోపల ఏముందో చూపించదు, పక్కన తాళం బొమ్మ. పిల్లలు కోడ్ అంతా చెరిపి మళ్లీ రాస్తారు, మళ్లీ అదే సున్నా. కొందరు అక్కడే ఆ యాప్ మూసేస్తారు.

ఇప్పుడు తాళం తీసి చూపించండి. "ఇచ్చినవి -5, -2, -9. రావాల్సింది -2. నీకు వచ్చింది 0." మా దగ్గర ఒక అబ్బాయి ఇది చూసి, "ఇందులో సున్నా లేనే లేదు కదా మేడమ్, యాడికెళ్లి వచ్చింది?" అన్నాడు. ఆ ప్రశ్న తనే అడిగాడు కాబట్టి జవాబూ తనే వెతుక్కున్నాడు. నేను నోరు విప్పాల్సిన అవసరమే రాలేదు.

కేసు చూపిస్తే, "ఇవే సంఖ్యలు వస్తే ఇది చెప్పు" అని దానికి ఒక ఇఫ్ పెట్టి జవాబు అతికిస్తారు కదా అని మీరు అడుగుతారు. కొందరు అతికిస్తారు. అందుకని చూపించిన దాని పక్కన అదే రకంవి చూపించనివి రెండు, మూడు ఉంచండి. అవి తప్పితే అంకె చెప్పకండి, రకం చెప్పండి: "అన్నీ మైనస్ సంఖ్యలైనప్పుడు", "లిస్ట్‌లో ఒక్కటే ఉన్నప్పుడు", "చాలా పెద్ద లిస్ట్ ఇచ్చినప్పుడు టైమ్ సరిపోలేదు" అని. పోటీల్లో కేసులు దాచడానికి కారణం ఉంది, అక్కడ ర్యాంకులిస్తారు. నేర్చుకునే చోట అదే పద్ధతిని ఎందుకు పెట్టామో నాకు అర్థం కాదు. పోటీ వేదికల నుంచి తెచ్చుకునేటప్పుడు ఏది పోటీ కోసం పెట్టారో, ఏది చదువు కోసం పెట్టారో విడదీయాలి. మన యాప్‌ల కష్టాల్లో సగం ఈ రెండూ కలిసిపోవడం వల్లే వచ్చాయని నా నమ్మకం.

ఫోన్ సంగతి చెప్పాలి. మా పిల్లల్లో ఎక్కువమందికి ఇంట్లో ల్యాప్‌టాప్ లేదు. మేం నేర్పే కోడింగ్ భాష పైథాన్‌ను ఫోన్‌లోనే రాస్తారు. ఫోన్ కీబోర్డు వాక్యం మొదట్లో అక్షరాన్ని దానంతట అదే పెద్దది చేస్తుంది. దాంతో ప్రింట్ అన్న మాట పెద్ద పీతో పడుతుంది, పైథాన్ గుర్తుపట్టదు. వేరే చోట నుంచి కాపీ చేసుకుంటే కోట్ గుర్తులు వంకరవి వస్తాయి. చూడ్డానికి కోట్‌లానే ఉంటుంది, ఎర్రర్ వస్తుంది. ఇంకోటి, అందరూ పడే గుంట. పుస్తకాల్లో ఇన్‌పుట్ తీసుకునేటప్పుడు "ఒక సంఖ్య ఇవ్వండి" అని స్క్రీన్ మీద చూపించమని నేర్పుతాం. ఛాలెంజ్‌లో అదే పెడితే ఆ మాటలు కూడా జవాబులో కలిసిపోతాయి, రాంగ్ అని వస్తుంది. లెక్క సరిగ్గా చేసిన పిల్లవాడు తన లెక్కే తప్పనుకుని దాన్ని పాడుచేసుకుంటాడు.

ఈ మూడూ తెలివికి సంబంధించిన తప్పులు కావు. వీటికి వేరే రంగు, వేరే మాట ఉండాలి. 2021లో వచ్చిన పైథాన్ 3.10 నుంచి భాషే సాయం చేస్తోంది. పెద్ద పీతో రాస్తే, "మీ ఉద్దేశం చిన్న పీతో ఉన్న ప్రింటా?" అని అడుగుతుంది. కొన్ని యాప్‌లు ఆ సందేశాన్ని దాచేసి "రన్‌టైమ్ ఎర్రర్" అని రెండు ముక్కలు చూపిస్తాయి. దయచేసి ఆ పని చేయకండి. పైథాన్ చెప్పింది చెప్పినట్టు చూపించి, కింద తెలుగులో ఒక్క వాక్యం రాయండి. కోడ్ రాసే డబ్బాలో ఆటో క్యాపిటల్ ఆపేయండి. బ్రాకెట్లు, కోలన్, నాలుగు స్పేసులు కీబోర్డు పైన ఒక వరసగా ఇవ్వండి. ఒక మధ్యాహ్నం పని అది.

ఇప్పుడు కాస్త ఆలోచించాల్సిన విషయం. ఛాలెంజ్‌లను టాపిక్‌ల వారీగా పెట్టాలా, కలిపి పెట్టాలా? "లూప్స్" అనే శీర్షిక కింద ప్రాబ్లమ్ పెడితే, శీర్షికే సగం జవాబు చెప్పేస్తుంది. చదవకుండానే ఫర్ అని లూప్ మొదలుపెడతారు. రేపు ఇంటర్వ్యూలో ప్రాబ్లమ్ మీద శీర్షిక ఉండదు. డగ్ రోరర్, కెల్లీ టేలర్ అనే ఇద్దరు 2007లో అచ్చు వేసిన ప్రయోగం ఒకటుంది, లెక్కల మీద చేశారు. ఒక గుంపుకు ఒకే రకం లెక్కలు వరసగా ఇచ్చారు, ఇంకో గుంపుకు కలగలిపి ఇచ్చారు. అభ్యాసం చేసేటప్పుడు వరసగా చేసినవాళ్లే ముందున్నారు, 89 శాతానికి 60 శాతం. వారం తర్వాత పరీక్ష పెడితే తారుమారైంది. కలగలిపి చేసినవాళ్లు 63 శాతం, వరసగా చేసినవాళ్లు 20 శాతం.

అట్లని మొదటి రోజే అన్నీ కలిపేస్తే గుడ్డెద్దు చేలో పడ్డట్టవుతుంది. మేం చేసేది ఇలా ఉంటుంది. కొత్త సంగతి వచ్చినప్పుడు అదే రకం మూడు, నాలుగు వరసగా ఇస్తాం. వారం పోయాక అందులో ఒకటి, పాతవాటిలో రెండు కలిపి, పైన ఏ పేరూ లేకుండా ఇస్తాం. ఆ రోజు ల్యాబ్ నిశ్శబ్దంగా ఉంటుంది, పిల్లలు ప్రాబ్లమ్‌ను రెండుసార్లు చదువుతారు. మర్చిపోవడం గురించి జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ 1885లోనే కొలిచి రాశాడు. మనం 140 ఏళ్లు దాటినా ఒకసారి "సాల్వ్డ్" టిక్ పడిన ప్రాబ్లమ్‌ను మళ్లీ ఎప్పుడూ ముందుకు తేకుండా యాప్‌లు కడుతున్నాం. ఆ టిక్‌ను నెల తర్వాత వాడిపోనివ్వండి. మళ్లీ చేస్తే మళ్లీ పచ్చబడుతుంది.

లెక్కల గురించి ఇంకో మాట, ఇది యాప్ చేసేవాళ్లకు ముఖ్యం. "ఈ ప్రాబ్లమ్‌లో 70 శాతం సబ్మిషన్లు సరైనవి" అని చూసి ఇది సులువే అనుకుంటాం. సబ్మిట్ చేసినవాళ్ల లెక్క అది. తెరిచి, చదివి, ఒక్క అక్షరం కూడా రాయకుండా మూసేసినవాళ్లు అందులో ఎక్కడున్నారు? ఆ అచ్చంపేట అమ్మాయి ఆరుసార్లు ప్రయత్నించింది కాబట్టి లెక్కలోకి వచ్చింది. మాట్లాడకుండా వెళ్లిపోయినవాళ్లు ఏ లెక్కలోనూ రారు. తెరిచినవాళ్లు ఎందరు, మొదటి సబ్మిట్ దాకా వచ్చినవాళ్లు ఎందరు, ఈ రెండు అంకెల మధ్య తేడా ఎక్కువున్న ప్రాబ్లమ్‌లను వారానికోసారి తీసి చూడండి. చాలాసార్లు ప్రాబ్లమ్ బాగానే ఉంటుంది, దాన్ని చెప్పిన ఇంగ్లిషు వాక్యం దగ్గర ఆగిపోయి ఉంటారు.

దానికి మందు తెలుగులో చెప్పడమే. లూప్, లిస్ట్, స్ట్రింగ్ లాంటి మాటలు అలాగే ఉంచండి, వాటిని అనువదిస్తే ఎవరికీ అర్థం కాదు. కథ మాత్రం తెలిసిన కథ చెప్పండి. "రైతు నాలుగు లోడ్ల బత్తాయి తెచ్చాడు. ఒక్కో లోడు తూకం, తరుగు ఎన్ని కిలోలు తీశారు, టన్ను ధర ఎంత. చేతికి వచ్చేది లెక్కకట్టు" అంటే నల్గొండ పిల్లవాడు చేతులు కట్టుకుని కూర్చోడు. మా అబ్బాయి ఒకడు ఇలాంటిదే చేసి, "తరుగు ఇట్ల తీస్తే మా నాయినకు ఎంత పోయిందో లెక్క కట్టిన మేడమ్" అని చూపించాడు. ఛాలెంజ్‌లో అడగని ఫంక్షన్ ఒకటి తనంతట తను రాసుకున్నాడు.

హింట్ల గురించి పెద్దగా చెప్పను. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు మొదటి హింట్‌లోనే జవాబు ఇవ్వొద్దు. మొదట చిన్న ఉదాహరణను చేత్తో చేయమనండి, తర్వాత ఏ పాత ప్రాబ్లమ్‌ను గుర్తు తెచ్చుకోవాలో చెప్పండి, కోడ్ చివర్న చూపించండి. ఎవరు ముందున్నారో చూపే లీడర్‌బోర్డు పెట్టాలనుకుంటే దేశమంతటిదీ వద్దు, తన బ్యాచ్‌లో పది మందిది చాలు.

స్ట్రీక్ గురించి, అంటే ఒక్క రోజూ తప్పకుండా వరసగా ఎన్ని రోజులు చేశారో యాప్ చూపే లెక్క గురించి మాత్రం చెప్పాలి. పొద్దున వస్తుంటే, కల్వకుర్తి దాటాక బస్సులో నా పక్కన కూర్చున్న అబ్బాయి ఫోన్‌లో రోజువారీ ఛాలెంజ్ చేస్తున్నాడు. కోడ్ రాశాడు, సబ్మిట్ నొక్కాడు. చక్రం తిరుగుతూనే ఉంది, సిగ్నల్ లేదు. కొండమల్లేపల్లి దగ్గర సిగ్నల్ వచ్చేసరికి పేజీ మళ్లీ లోడై రాసిందంతా పోయింది. ఆ అబ్బాయి కోపం కూడా తెచ్చుకోలేదు. గ్రూప్ తెరిచి, స్నేహితుడు పెట్టిన జవాబు కాపీ చేసి, అతికించి, సబ్మిట్ కొట్టాడు. "43 రోజులైంది మేడమ్, పోతే మళ్లా ఒకటి నుంచి" అన్నాడు. రాసిన కోడ్ తనదే, సరిగ్గానే ఉంది, నేను చూశాను. ఆ 43 కాపాడుకోవాలన్న టెన్షన్ వల్ల తనది వదిలి పక్కవాడిది పెట్టాడు. రాసిన ప్రతి అక్షరం ముందు ఫోన్‌లోనే సేవ్ కావాలి, సిగ్నల్ దొరికినప్పుడు వెళ్లాలి. రోజుకొకటి బదులు వారానికి మూడు ఇచ్చి ఆదివారం దాకా గడువు పెట్టండి. పత్తి ఏరే రోజుల్లో మా పిల్లలు నాలుగు రోజులు చేలోనే ఉంటారు. వాళ్లు ఐదో రోజు వస్తే యాప్ "మీ స్ట్రీక్ పోయింది" అని పలకరించకూడదు.

నాకిచ్చిన సమయం అయిపోతోంది. ఆ టేబుల్ మీద మా గోడ నుంచి ఊడదీసి తెచ్చిన 40 అట్టలున్నాయి. వాటి మీద ప్రాబ్లమ్ మాత్రమే ఉంచి, కింద గడులు ఖాళీ చేసి తెచ్చాను. విద్యార్థులు ముగ్గురేసి కూర్చోండి, ప్రతి ముగ్గురి దగ్గరా ఒక అధ్యాపకుడు, యాప్ వాళ్లలో ఒకరు. ముందు విద్యార్థులే రాయాలి, ఇది చేయడానికి నాకు ఏం తెలిసుండాలి అని. వాళ్లు రాసేదాకా మనం పెన్ను ముట్టుకోవద్దు. ఆ "ఒక్కసారే వచ్చిన అక్షరం" అట్ట కూడా అందులో ఉంది, అది ఎవరికి వస్తే వాళ్లు నన్ను పిలవండి, నేను వచ్చి పక్కన కూర్చుంటాను.